క్వార్టర్‌బ్యాక్ దొరకడం గురించి మా బావతో తెగని లొల్లి

ముందే చెప్పేస్తున్నా, ఇది మెస్సీ ఫుట్‌బాల్ గురించి కాదు. హెల్మెట్లు పెట్టుకుని, భుజాలకి ప్యాడ్లు కట్టుకుని, రెండు కొసలూ మొనదేలిన బంతి కోసం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడిపోతారు చూడండి, ఆ అమెరికా ఫుట్‌బాల్ గురించి. హైదరాబాద్‌లో కూర్చుని నీకెందుకురా ఈ గోల అని మా అమ్మ కూడా అడుగుతుంది. గచ్చిబౌలిలో యూఎస్ షిఫ్ట్ చేసేవాళ్ళకి మాత్రం చెప్పక్కర్లేదు, సోమవారం సాయంత్రం కాల్ కలవగానే అవతల క్లయింట్ పని మాట్లాడే ముందు పది నిమిషాలు ఆదివారం మ్యాచ్ గురించే మాట్లాడతాడు, మనకేమో ఒక్క ముక్క అర్థం కాక మ్యూట్‌లో కూర్చుని నవ్వాలి. అలా అంటుకుంది నాకు. తర్వాత మా అక్క పెళ్ళై ఫ్రిస్కో వెళ్ళాక పూర్తిగా ముదిరింది, ఎందుకంటే డల్లాస్ కౌబాయ్స్ ఆఫీసూ ప్రాక్టీస్ గ్రౌండూ ఉన్నది ఆ ఊళ్ళోనే, మా బావ వాళ్ళకి ఎంత మొండి ఫ్యాన్ అంటే టీమ్ ఓడిన వారం అక్క కూడా ఆయన్ని పలకరించదు.

మా ఇద్దరికీ ఏళ్ళ తరబడి నడుస్తున్న గొడవ ఒకటుంది, టీమ్ ఆటంతా నడిపే క్వార్టర్‌బ్యాక్ అనేవాణ్ణి ఎలా కనిపెట్టాలి అని. బావేమో "కరెక్ట్ స్కౌట్లు ఉంటే కరెక్ట్ క్వార్టర్‌బ్యాక్ దొరుకుతాడు, అంతే" అంటాడు. నేనేమో ఆ స్కౌట్లకి, అంటే కాలేజీ కుర్రాళ్ళని చూసి అంచనా వేసేవాళ్ళకి, తెలిసేది సగమే అంటా, మిగతా సగం ఆ కుర్రాడు ఏ టీమ్‌లో పడ్డాడు, వాడికి ఎవరు నేర్పారు, ఎంత టైమ్ ఇచ్చారు అన్నదాంట్లోనే ఉంది, ఇంకా నిజం చెప్పాలంటే కొంత అదృష్టం కూడా. ఫోన్లో ఈ వాదన ఎప్పుడు మొదలైనా అక్క ఫోన్ లాక్కునేదాకా ఆగదు, అందుకే ఇక్కడ రాసి లింక్ పంపిద్దాం అనుకున్నా.

ఆట తెలియనివాళ్ళ కోసం కొంచెం. ఒక్కో వైపు 11 మంది. నాలుగు ఛాన్సుల్లో పది యార్డులు ముందుకి పోవాలి, పోతే మళ్ళీ నాలుగు ఛాన్సులు. ప్రతి ఛాన్స్‌లోనూ బంతి దాదాపు ఎప్పుడూ ముందు చేరేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. ఒక ప్లే, అంటే ఒక్కో ఛాన్స్ ఆట, అయిపోయాక మళ్ళీ మొదలుపెట్టడానికి 40 సెకన్లు ఉంటాయి. వాడి హెల్మెట్‌లో చిన్న స్పీకర్, అందులో కోచ్ ప్లే పేరు చెప్తాడు, పేరంటే ఒక మాట అనుకునేరు, ఎవరు ఎటు పరుగెత్తాలి, ఎవరు ఎవర్ని ఆపాలి అన్నీ కోడ్ మాటల్లో ఉంటాయి, ఒక్కోసారి పది పన్నెండు మాటలు. వీడు అది విని మిగతా పదిమందికీ తప్పు లేకుండా చెప్పాలి. క్లాక్ 15 సెకన్లకి రాగానే స్పీకర్ కట్ అయిపోతుంది, ఇక ఏం చేసినా వాడొక్కడే. ఎదుటి డిఫెన్స్ ఎలా నిల్చుందో చూడాలి, అవసరమైతే ప్లే మార్చేయాలి, బంతి చేతికొచ్చాక ఉండేది రెండున్నర, మూడు సెకన్లు, ఆ లోపల 120, 130 కిలోల మనుషులు మీదకొస్తుంటే వాళ్ళని చూడకుండా, వాళ్ళ వెనకాల పరుగెత్తే వాళ్ళని చూసి, మనవాడు ఇంకా వెనక్కి తిరగకముందే వాడు చేరబోయే చోటికి బంతి వేసేయాలి.

ఒక్క ప్లే చెప్తా. 2020 ఫిబ్రవరి సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, మనకి సోమవారం తెల్లారి, కొండాపూర్‌లో మా ఫ్రెండ్ ఫ్లాట్‌లో సగం మంది సోఫాలో నిద్రపోతున్నారు. ఆఖరి క్వార్టర్‌లో ఏడు నిమిషాల చిల్లర మిగిలింది, కాన్సాస్ సిటీ చీఫ్స్ 20-10తో వెనకున్నారు, ఆ రాత్రి వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ అప్పటికే రెండు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, అంటే వేసిన బంతి రెండుసార్లు ఎదుటివాళ్ళ చేతికి పోయింది, ఇప్పుడు మూడో ఛాన్స్, కావాల్సింది 15 యార్డులు. అప్పుడు వాడు సైడ్‌లైన్‌కి వెళ్ళి కోచ్‌ని అడిగాడు, వాస్ప్ ఆడేంత టైమ్ ఉంటుందా మనకి అని. వాస్ప్ అంటే వాళ్ళ ప్లేబుక్‌లో ఒక పొడుగు ప్లే, దానికి క్వార్టర్‌బ్యాక్ బంతి పట్టుకుని ఎక్కువసేపు నిలబడాలి. టైమ్ ఉంటుందా అంటే వాడి ఉద్దేశం గడియారం గురించి కాదు, ముందున్న ఐదుగురు నన్ను అంతసేపు కాపాడగలరా అని. ప్లే మొదలైంది, వాడు వెనక్కి, ఇంకా వెనక్కి పోయాడు, బక్నర్ అనే కొండలాంటి డిఫెండర్ మీద పడబోతుండగా వెనక కాలి మీదే నిలబడి గాల్లోకి లేపాడు, కింద టైరీక్ హిల్ ఒక్కడే ఖాళీగా ఉన్నాడు. 44 యార్డులు. చివరికి చీఫ్స్ 31-20తో గెలిచారు.

ఇప్పుడు నా ప్రశ్న. రెండు తప్పులు చేసి, ఓడిపోతూ, దేశం మొత్తం చూస్తుండగా, ఆ ప్రశ్న అడిగే బుర్ర వాడికుందని 21 ఏళ్ళప్పుడు ఏ టెస్ట్ పెట్టి కనిపెడతారు?

టెస్టులైతే మస్తు పెడతారు. దానికి ముందు డ్రాఫ్ట్ సంగతి చెప్పాలి. ఐపీఎల్‌లో మనకి వేలం, అందరి దగ్గరా ఒకే పర్సు, ఎవడు ఎక్కువ పాడితే వాడికి ప్లేయర్, మన సన్‌రైజర్స్ కమిన్స్‌కి 20.5 కోట్లు పెట్టినట్టు. ఎన్ఎఫ్ఎల్‌లో, అంటే ఈ ఆట లీగ్‌లో, అట్లా కాదు. 32 టీమ్‌లు, 7 రౌండ్లు, ముందటి సీజన్‌లో అందరికంటే చెత్తగా ఆడినవాడికి మొదటి పిక్, అంటే కుర్రాణ్ణి ఎంచుకునే మొదటి వంతు, కప్పు కొట్టినవాడికి ప్రతి రౌండ్‌లో ఆఖరిది. కాలేజీ కుర్రాడు నాకు ఈ టీమ్ వద్దు అంటే నడవదు, పిలిచినవాడి దగ్గరికి పోవాల్సిందే. స్కూల్ అయిపోయి మూడేళ్ళు గడిస్తే తప్ప రానివ్వరు. ఏప్రిల్ చివర్లో గురువారం రాత్రి అక్కడ మొదలయ్యేసరికి మనకి శుక్రవారం పొద్దున ఐదున్నర, నైట్ షిఫ్ట్ నుంచి నేరుగా వచ్చి చూసేవాళ్ళకి బాగా కుదురుతుంది. పిక్కులు అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు, వచ్చే ఏడాది పిక్కులు కూడా ఇవాళే ఇచ్చేయొచ్చు. అసలు కొంపలు ముంచేది ఆ ఆఖరిదే, దాని సంగతి తర్వాత చెప్తా.

తిరకాసు ఎక్కడంటే, అందరికంటే మంచి కుర్రాడు పోయేది అందరికంటే అధ్వాన్నమైన టీమ్‌కి. ఆ టీమ్ అధ్వాన్నంగా ఎందుకుంది? ముందు కాపాడే ఐదుగురు సరిగా లేరు, బంతి పట్టేవాడు లేడు, కోచ్‌ని ఏడాదిన్నరకోసారి మారుస్తారు, ఓనర్‌కి ఓపిక లేదు. అలాంటి చోట 22 ఏళ్ళవాణ్ణి మొదటి వారమే దింపి నువ్వే కాపాడాలి అంటారు. రెండేళ్ళయ్యాక అబ్బే, వాడిలో సరుకు లేదు అంటారు.

సరే టెస్టులు. ఫిబ్రవరి చివర్లో ఇండియానాపొలిస్‌లో కంబైన్ అని పెడతారు. అన్ని టీమ్‌ల వాళ్ళూ వస్తారు. ఎత్తు, బరువు, 40 యార్డుల పరుగు, ఎంత ఎత్తుకి ఎగురుతాడు, అన్నీ కొలుస్తారు. చెయ్యి కూడా కొలుస్తారు, నవ్వకండి, అరచెయ్యి బల్ల మీద పరిచి వేళ్ళన్నీ ఎంత చాస్తే అంత చాచమని బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా స్కేల్ పెట్టి ఎనిమిదో వంతు అంగుళం కూడా వదలకుండా రాసుకుంటారు. చెయ్యి చిన్నదైతే చలిలో, వానలో బంతి జారిపోతుందని భయం. 2020లో జో బరో అనే క్వార్టర్‌బ్యాక్‌కి 9 అంగుళాలు వచ్చాయి, టీవీలో దాని మీద పెద్ద చర్చ, వాడేమో బంతి నా బుజ్జి చేతుల్లోంచి జారిపోతుందట, రిటైర్ అయిపోదామనుకుంటున్నా అని ట్విట్టర్‌లో జోక్ వేశాడు. సిన్సినాటి వాణ్ణి మొదటి పిక్‌గానే తీసుకుంది, రెండో సీజన్‌కే సూపర్ బౌల్ దాకా పట్టుకెళ్ళాడు.

పరుగు సంగతైతే అందరికీ తెలిసిన కథే. టామ్ బ్రేడీ 40 యార్డులు 5.28 సెకన్లలో పరుగెత్తాడు, అంటే ఆ లెవెల్‌లో నడిచినట్టే. 2000 డ్రాఫ్ట్‌లో పేట్రియట్స్ టీమ్ తీసుకుంది, ఆరో రౌండ్, 199వ పిక్, వాడికంటే ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు పోయారు. తర్వాత ఏడు సూపర్ బౌల్స్ గెలిచాడు. ఈ కథ చెప్పి బావ ఏమంటాడంటే, చూశావా పేట్రియట్స్ స్కౌటింగ్ పవర్ అని. అదెలా స్కౌటింగ్ పవర్ అవుతుంది బావా, వాడు అంత గొప్పోడని తెలిస్తే 198 పిక్కులు అయ్యేదాకా ఆగుతారా ఎవరైనా? ఇంకొకడు ఎగరేసుకుపోతే? 2001 మార్చిలో వాళ్ళు బ్లెడ్సోకి పదేళ్ళ కాంట్రాక్ట్ ఇచ్చారు, 10.3 కోట్ల డాలర్లు, ఇక మా క్వార్టర్‌బ్యాక్ వీడే అని. సెప్టెంబర్‌లో మో లూయిస్ అనే జెట్స్ డిఫెండర్ బ్లెడ్సోని గుద్దితే లోపల రక్తస్రావమై ప్రాణం మీదికొచ్చింది, అప్పుడు దిగాడు బ్రేడీ. ఆ గుద్దు పడకపోతే ఏమయ్యేదో. అయితే ఒక్క విషయం పేట్రియట్స్‌కి ఇచ్చేయాలి, మొదటి ఏడాది వాడు దేనికీ పనికిరాకపోయినా టీమ్‌లో నలుగురు క్వార్టర్‌బ్యాక్‌లని పెట్టుకుని మరీ వాణ్ణి వదల్లేదు. కనిపెట్టడం కంటే ఆ ఉంచుకోవడం గొప్పగా అనిపిస్తుంది నాకు.

బుర్రకి కూడా పరీక్షలుండేవి. వండర్‌లిక్ అని 12 నిమిషాల్లో 50 ప్రశ్నలు, మన ఆప్టిట్యూడ్ టెస్ట్ టైపే, ఏళ్ళ తరబడి కంబైన్‌లో పెట్టారు, 2022లో తీసేశారు. ఎస్2 అని ఇంకోటి వచ్చింది, తెర మీద వేగంగా కదిలేవి చూసి ఎంత తొందరగా స్పందిస్తాడో కొలుస్తుంది. 2023లో సీజే స్ట్రౌడ్‌కి అందులో బాగా తక్కువ వచ్చిందని వార్త లీకైంది, ఆ వార్త చదివి మా గ్రూప్‌లో ఒకడు ఇక వీడి పని అయిపోయింది అని తీర్పు కూడా ఇచ్చేశాడు. స్ట్రౌడ్ రెండో పిక్‌గా హ్యూస్టన్‌కి పోయి, మొదటి ఏడాదే టీమ్‌ని ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్ళి, బెస్ట్ రూకీ, అంటే బెస్ట్ కొత్త ప్లేయర్, అవార్డ్ కొట్టాడు.

వీటన్నిటికంటే పనికొచ్చేది ఇంటర్వ్యూ అని కోచ్‌లు అంటారు. కంబైన్‌లో ఒక్కో ఫార్మల్ ఇంటర్వ్యూకి కొన్ని నిమిషాలే ఇస్తారు. తర్వాత ఒక్కో టీమ్ 30 మంది దాకా తన ఊరికి పిలిపించుకోవచ్చు, అది అచ్చం పెళ్ళిచూపులే, ఎయిర్‌పోర్ట్‌లో డ్రైవర్‌తో ఎలా మాట్లాడాడు, ఆఫీసులో చిన్న స్టాఫ్‌తో ఎలా ఉన్నాడు అన్నీ గమనిస్తారు. గదిలో వైట్‌బోర్డ్ ఉంటుంది. మీ కాలేజీ ప్లే ఒకటి గీయి, ఎవరి పని ఏంటి చెప్పు అంటారు. తర్వాత వాళ్ళ ప్లే ఒకటి నేర్పి, కాసేపు ఇంట్లోవాళ్ళ గురించీ చిన్నప్పటి సంగతులూ మాట్లాడి, ఉన్నట్టుండి ఇందాకటి ప్లే మళ్ళీ గీయి అంటారు. నువ్వు చెడగొట్టిన మ్యాచ్ వీడియో వేసి ఇక్కడ ఏమైంది అని అడుగుతారు, తప్పు రిసీవర్ మీదకి, అంటే బంతి పట్టాల్సినవాడి మీదకి, నెట్టాడా, నాదే అన్నాడా చూస్తారు. ఇది నాకూ నచ్చే పద్ధతే. కానీ ఏజెంట్లు వీళ్ళని నెలల తరబడి కూర్చోబెట్టి ఇదే ప్రాక్టీస్ చేయిస్తారు, కాబట్టి అక్కడ కనబడేది నిజం మనిషా, కోచింగ్ సెంటర్ మనిషా అన్నది మళ్ళీ డౌటే.

స్కౌట్లకి ఏమీ తెలియదు అని నేననడంలేదు. 1998లో పేటన్ మానింగా ర్యాన్ లీఫా అని లీగ్ మొత్తం తల పట్టుకుంటే ఇండియానాపొలిస్ మానింగ్‌ని తీసుకుంది, వాడు హాల్ ఆఫ్ ఫేమ్, లీఫ్ తుస్సుమన్నాడు. కష్టం ఎక్కడంటే అదే మనుషులు, అదే పద్ధతి, ఇంకో ఏడాది పూర్తిగా తిరగబడుతుంది.

2018 తీసుకోండి. మొదటి రౌండ్‌లో ఐదుగురు. మేఫీల్డ్ ఒకటో పిక్ క్లీవ్‌ల్యాండ్‌కి, డార్నల్డ్ మూడు జెట్స్‌కి, జాష్ ఆలెన్ ఏడు బఫలోకి, రోజెన్ పది అరిజోనాకి, లామార్ జాక్సన్ రౌండ్ ఆఖరున 32 బాల్టిమోర్‌కి. అందరికంటే తయారుగా ఉన్నాడు అని ఎక్కువమంది చెప్పింది రోజెన్ పేరు. అరిజోనా వాణ్ణి ఒక్క ఏడాది ఆడించి, కోచ్‌ని మార్చి, కొత్త కోచ్ తనకి కైలర్ మర్రీ అనే కుర్రాడు కావాలంటే 2019లో మర్రీని ఒకటో పిక్‌గా తీసుకుని రోజెన్‌ని మయామికి అమ్మేసింది. వాడు మళ్ళీ తేరుకోలేదు. ఆఖర్న పోయిన లామార్‌ని ఏమన్నారు, నువ్వు క్వార్టర్‌బ్యాక్ వదిలేసి రిసీవర్‌గా మారు అన్నారు, అన్నవాడు ఎవరో టీవీ యాంకర్ కాదు, మానింగ్‌ని ఎంచుకున్న బిల్ పోలియనే. బాల్టిమోర్ మాత్రం వాణ్ణి మార్చే బదులు తన ఆఫెన్స్ మొత్తాన్ని వాడికి తగ్గట్టు మార్చింది. 2019లో ఎంవీపీ, అంటే ఆ ఏడాది లీగ్ మొత్తంలో బెస్ట్ ప్లేయర్, 2023లో మళ్ళీ ఎంవీపీ.

నాకు అందరికంటే ఇష్టమైన కేసు ఆలెన్. కాలిఫోర్నియాలో ఫైర్‌బా అనే పల్లెటూరు, వ్యవసాయం చేసే ఇల్లు, స్కూల్ అయ్యాక పెద్ద కాలేజీ ఒక్కటీ పిలవలేదు, ముందు ఒక జూనియర్ కాలేజీ, ఆ తర్వాత వయోమింగ్. చెయ్యి చూస్తే ఫిరంగి, బంతేమో ఎటు పోతుందో వాడికే తెలియదు. కాలేజీలో వేసినవాటిలో 56 శాతమే మనవాళ్ళకి చేరాయి, అక్కడే 60 దాటనివాడు ప్రొఫెషనల్స్‌లో బాగుపడడు అని లెక్కలవాళ్ళంతా ఒక్కమాట మీద ఉన్నారు. గురి నేర్పితే వచ్చేది కాదు, పుట్టుకతో రావాలి అనేది అప్పట్లో వేదవాక్కు. బఫలోలో మొదటి ఏడాది 52.8 శాతం, ఇంకా తగ్గింది. రెండో ఏడాది 58.8. మూడో ఏడాది 2020లో 69.2! 2024లో ఎంవీపీ. మధ్యలో ఏం జరిగింది? సెలవుల్లో పాదం ఎక్కడ పెట్టాలి, నడుం ఎప్పుడు తిప్పాలి అన్నది మొదట్నుంచి మళ్ళీ నేర్చుకున్నాడు, నాలుగేళ్ళు ఒకే ఆఫెన్సివ్ కోఆర్డినేటర్, అంటే బంతి తమ చేతిలో ఉన్నప్పటి ఆట చూసుకునే కోచ్, ఉన్నాడు, 2020లో మొదటి రౌండ్ పిక్ ఇచ్చి స్టెఫాన్ డిగ్స్ అనే రిసీవర్‌ని కొనిపెట్టారు. రెండో ఏడాది చివర్లో వదిలేసి ఉంటే? ఇప్పుడు మనం రోజెన్ పక్కన వాడి పేరూ చదువుకునేవాళ్ళం. బావా, దీనికి ఇప్పటిదాకా నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు.

మహోమ్స్ దగ్గరికి మళ్ళీ వస్తా. 2017. షికాగో మూడో పిక్‌లో ఉండి, ఎక్కడ చేజారిపోతాడో అని ఇంకో మూడు పిక్కులు అదనంగా ఇచ్చి ఒక్క మెట్టెక్కి రెండో పిక్‌తో ట్రుబిస్కీని తీసుకుంది. వాడు కాలేజీలో బెంచ్ మీంచి కాకుండా మ్యాచ్ మొదట్నుంచి దిగి ఆడినవి 13 మ్యాచ్‌లే. మహోమ్స్ పదో పిక్ దాకా ఉన్నాడు. వాడి మీద డౌట్లు ఎందుకంటే, టెక్సస్ టెక్ ఆడే ఆటే ఒక గోల, ఓక్లహామా మీద ఒక్క మ్యాచ్‌లో 734 యార్డులు వేసి కూడా 66-59తో ఓడిపోయారు, ఆ ఏడాది టీమ్ గెలిచినవి ఐదే. కాళ్ళు ఎక్కడో, చెయ్యి ఎక్కడో, బేస్‌బాల్ పిచర్ కొడుకు కాబట్టి ఎటు పడితే అటు నుంచి విసురుతాడు, దీన్ని క్రమశిక్షణ లేకపోవడం అని రాసుకున్నారు చాలామంది. చీఫ్స్ 27వ పిక్‌లో ఉండి మూడో రౌండ్ పిక్, వచ్చే ఏడాది మొదటి రౌండ్ పిక్ కలిపి బఫలోకి ఇచ్చి పదికి ఎగబాకారు.

ఇక్కడ అందరూ మర్చిపోయేది ఒకటుంది. చీఫ్స్ అప్పటికే ముందటి సీజన్‌లో 12 మ్యాచ్‌లు గెలిచిన టీమ్. క్వార్టర్‌బ్యాక్ అలెక్స్ స్మిత్ బాగానే ఆడుతున్నాడు. మహోమ్స్‌ని ఏడాదంతా బెంచ్ మీద కూర్చోబెట్టి, ఆఖరి వారం ఆ మ్యాచ్‌తో పని లేనప్పుడు ఒక్కసారి దింపారు. ఆ ఏడాది వాడు స్మిత్ పక్కన కూర్చుని వారం ఎలా గడపాలో నేర్చుకున్నాడు, ఏ రోజు ఏ వీడియో చూడాలి, డిఫెన్స్‌ని ఎలా చదవాలి అన్నీ. తన చోటు లాక్కోవడానికి వచ్చినవాడికి స్మిత్ ఏదీ దాచుకోకుండా చెప్పాడు. ఆ స్మిత్ ఎవరనుకున్నారు, 2005లో ఒకటో పిక్! శాన్‌ఫ్రాన్సిస్కోలో దాదాపు ప్రతి ఏడాదీ కొత్త కోఆర్డినేటర్ కింద నలిగిపోయి, వీడు దండగ అనిపించుకున్నవాడు. అదే డ్రాఫ్ట్‌లో 24వ పిక్ దాకా జారిన ఆరన్ రాడ్జర్స్‌కేమో గ్రీన్ బేలో ఫావ్ర్ అనే స్టార్ క్వార్టర్‌బ్యాక్ వెనక మూడేళ్ళు కూర్చునే భాగ్యం దొరికింది. ఇద్దరి తలకాయల్లో ఉన్న తేడా కంటే వాళ్ళు పడ్డ ఇళ్ళ తేడా పెద్దది అని నేనంటే బావ ఒప్పుకోడు.

సరే, మరి అందరూ కూర్చోబెట్టి నేర్పొచ్చుగా అంటారా, డబ్బు అడ్డం. 2010లో శామ్ బ్రాడ్‌ఫర్డ్ ఒకటో పిక్, ఒక్క ఆట ఆడకముందే ఆరేళ్ళకి 7.8 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్. 2011లో రూల్స్ మారాయి, ఆ ఏడాది ఒకటో పిక్ క్యామ్ న్యూటన్‌కి నాలుగేళ్ళకి 2.2 కోట్లు. అప్పట్నుంచి రూకీ జీతం పిక్ నంబర్‌ని బట్టి ముందే ఖరారు. ఇంకో వైపు పాత క్వార్టర్‌బ్యాక్‌ల రేట్లు ఆకాశానికి పోయాయి, మా బావ దేవుడు, కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కి 2024లో ఇచ్చింది సగటున ఏడాదికి 6 కోట్ల డాలర్లు, మన లెక్కలో 500 కోట్ల పైనే. ఆ ఏడాది మొత్తం టీమ్ జీతాలకి లీగ్ పెట్టిన పరిమితి 25.5 కోట్ల డాలర్లు. అంటే రూకీ జీతంలో మంచి క్వార్టర్‌బ్యాక్ దొరికితే ఆ మిగిలిన డబ్బుతో మంచి డిఫెన్స్ కొనుక్కోవచ్చు, కప్పు కొట్టడానికి ఆ నాలుగైదేళ్ళే ముహూర్తం. దాంతో జీఎంలకి, అంటే టీమ్‌ని కూర్చే జనరల్ మేనేజర్లకి, ఆత్రం. ఆత్రం ఉన్నవాడికి పక్కోడు రేటు పెంచుతాడు.

ఇందాక చెప్తానన్న కొంప మునిగే కథ ఇదే. మా క్లయింట్ మేనేజర్ ఒకాయన షార్లెట్‌లో ఉంటాడు, పాంథర్స్ ఫ్యాన్, 2023 గురించి ఎత్తితే ఆయన గొంతే మారిపోతుంది. తొమ్మిదో పిక్ నుంచి ఒకటికి వెళ్ళడానికి వాళ్ళు ఆ తొమ్మిదో పిక్, ఇంకో రెండో రౌండ్ పిక్, వచ్చే ఏడాది మొదటి రౌండ్ పిక్, ఆ తర్వాతి ఏడాది రెండో రౌండ్ పిక్, ఇవన్నీ చాలవన్నట్టు టీమ్‌లో ఉన్న ఒకే ఒక్క మంచి రిసీవర్ డీజే మూర్‌ని కూడా షికాగోకి ఇచ్చేశారు. బ్రైస్ యంగ్‌ని తెచ్చారు. తెచ్చి, బంతి పట్టేవాడు లేని టీమ్‌లో పెట్టారు. 11 మ్యాచ్‌లకే కోచ్‌ని పీకేశారు, సీజన్ మొత్తానికి రెండు గెలుపులు, లీగ్‌లో ఆఖరు. ఆఖరు కాబట్టి 2024లో ఒకటో పిక్ వాళ్ళది, కానీ అది షికాగోకి ఇచ్చేశారుగా, దాంతో షికాగో కేలబ్ విలియమ్స్‌ని తీసుకుంది. దీనికి ఇంకో మెలిక ఉంది. యంగ్ రాకముందు 2022లో పాంథర్స్ దగ్గరున్న క్వార్టర్‌బ్యాక్‌లు ఎవరో తెలుసా? మేఫీల్డ్, డార్నల్డ్. 2018 బ్యాచ్‌లో ఒకటో పిక్, మూడో పిక్, ఇద్దరూ ఒకే గదిలో. ఇద్దర్నీ పనికిరారని పంపేశారు. మేఫీల్డ్ టాంపా వెళ్ళి ప్రో బౌల్, అంటే లీగ్ ఆల్‌స్టార్స్ ఆట, ఆడాడు, డార్నల్డ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏడాది బెంచ్ మీద కూర్చుని, మినసోటా వెళ్ళి 2024లో 14 మ్యాచ్‌లు గెలిపించాడు, దాని మీద సియాటిల్ మూడేళ్ళకి 10 కోట్ల డాలర్లు ఇచ్చి తీసుకెళ్ళింది. జెట్స్‌లో చూసిన డార్నల్డ్ కళ్ళూ చేతులే కదా ఇవీ!

శాన్‌ఫ్రాన్సిస్కో 2021లో ఇంకా పెద్ద జూదం ఆడింది. మూడో పిక్ కోసం అదనంగా రెండు మొదటి రౌండ్ పిక్కులు, ఒక మూడో రౌండ్ పిక్ మయామికి ఇచ్చి ట్రే లాన్స్‌ని తెచ్చుకుంది. వాడు వాళ్ళకి మొదట్నుంచి ఆడింది నాలుగు మ్యాచ్‌లు, చివరికి నాలుగో రౌండ్ పిక్‌కి కౌబాయ్స్‌కే అమ్మేశారు, బావ అప్పుడు చవగ్గా కొట్టేశాం అని స్వీట్లు పంచినంత పని చేశాడు. ఇక అదే శాన్‌ఫ్రాన్సిస్కో 2022 డ్రాఫ్ట్‌లో ఆఖరి పిక్, 262, ఇక ఎవరూ మిగల్లేదు కాబట్టి అన్నట్టు తీసుకున్న కుర్రాడు బ్రాక్ పర్డీ. లాన్స్ చీలమండ విరిగింది, వాడి బదులు దిగిన గరాపలో అనేవాడి పాదం విరిగింది, పర్డీ దిగాడు, తర్వాతి సీజన్‌లో సూపర్ బౌల్‌కి పోయారు, అప్పుడు వాడి జీతం ఏడాదికి 10 లక్షల డాలర్లు కూడా లేదు. 2025లో ఐదేళ్ళకి 26.5 కోట్లు. మూడో పిక్‌నీ 262వ పిక్‌నీ ఎంచింది ఒకే ఆఫీసు, ఒకే స్కౌట్లు, ఒకే కోచ్. చెప్పు బావా ఇప్పుడు.

దీనికి బావ దగ్గరుండే ఆయుధం డాక్. నాలుగో రౌండ్‌లో, 135వ పిక్‌లో పట్టుకున్నాం, మా స్కౌట్ల కన్ను చూడు అంటాడు. 2016లో అసలు జరిగింది నేను చెప్తా. కౌబాయ్స్‌కి ముందు కావాల్సింది పాక్స్టన్ లించ్, మొదటి రౌండ్‌లో పైకి రాబోతే డెన్వర్ ఎక్కువిచ్చి తన్నుకుపోయింది, ఇంకొంచెం పెట్టాల్సింది అని ఓనర్ జెర్రీ జోన్స్ బయటికే బాధపడ్డాడు. తర్వాత కానర్ కుక్ అనుకున్నారు, సరిగ్గా వందో పిక్‌లో రెయిడర్స్ ముందుకొచ్చి లాగేసింది. అప్పుడు మూడో పేరు డాక్. ఆగస్టులో బ్యాకప్ కెలెన్ మూర్ కాలు విరిగింది, అదే నెలలో సియాటిల్‌తో ప్రీసీజన్ మ్యాచ్‌లో అసలు క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో నడుం పోయింది, ఇక ఎవరూ లేక డాక్‌ని దింపారు. 13 గెలుపులు, బెస్ట్ రూకీ. లించ్ డెన్వర్‌కి మొదట్నుంచి ఆడింది నాలుగు మ్యాచ్‌లు. కౌబాయ్స్ కోరుకున్నట్టే అంతా జరిగి ఉంటే మా బావ ఇంట్లో గోడకి లించ్ జెర్సీ ఉండేది. ఇంకోటి కూడా చెప్పాలి, ఆ ఏడాది డాక్ ముందు నిల్చున్న ఐదుగురు లీగ్‌లోనే టాప్ లైన్, వెనకాల బంతి పట్టుకుని పరుగెత్తడానికి ఎజీకియెల్ ఎలియట్. అలాంటి ఇంట్లో అడుగుపెట్టిన కుర్రాడికి తప్పు చేసి సర్దుకునే టైమ్ ఉంటుంది.

దీన్ని పద్ధతిగా లెక్కేసినవాళ్ళు కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అని ఇద్దరు, ఆ థేలర్‌కి తర్వాత 2017లో ఎకనామిక్స్‌లో నోబెల్ వచ్చింది. డ్రాఫ్ట్‌లో పై పిక్కులకి టీమ్‌లు వాటి విలువకి మించి చెల్లిస్తాయి, ఎందుకంటే మేం మనుషుల్ని అంచనా వేయగలం అనే నమ్మకం వాళ్ళకి ఉండాల్సిన దానికంటే ఎక్కువ అని తేల్చారు. ఒక పొజిషన్‌లో ముందు పోయినవాడు తర్వాత పోయినవాడి కంటే మెరుగవ్వడం నాణెం ఎగరేసిన దానికంటే కాస్త నయం, అంతే. పైకి ఎగబాకే బదులు కిందకి దిగి ఎక్కువ పిక్కులు తీసుకో అన్నది వాళ్ళ సలహా. చదివి అందరూ తలూపారు, ఏప్రిల్ రాగానే అందరూ మళ్ళీ పైకే ఎగబాకుతారు. జీఎంకి ఉద్యోగ భయం, ఓనర్‌కి పరువు, సీజన్ టికెట్ కొన్నవాడికి ఆశ, వీటి మధ్య కూర్చుని నేను నాలుగో రౌండ్‌లో చూసుకుంటా అని ఎవడంటాడు?

అన్నవాడు ఒకడున్నాడు, రాన్ వుల్ఫ్, 1991 చివర్నుంచి 2001 దాకా గ్రీన్ బే జీఎం. 1992లో అట్లాంటా బెంచ్ మీద కూర్చుని పార్టీలు చేసుకుంటున్న ఫావ్ర్‌ని మొదటి రౌండ్ పిక్ ఇచ్చి తెచ్చుకున్నాడు, అప్పుడు అందరూ నవ్వారు. ఫావ్ర్ వరసగా ఎంవీపీలు కొడుతుంటే కూడా వుల్ఫ్ ఆగలేదు, దాదాపు ప్రతి ఏడాదీ కింది రౌండ్లలో ఒక క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకుంటూనే ఉన్నాడు. 1993 ఐదో రౌండ్‌లో మార్క్ బ్రూనెల్, 1998 ఆరో రౌండ్‌లో మాట్ హాసెల్‌బెక్, 1999 నాలుగో రౌండ్‌లో ఆరన్ బ్రూక్స్. ముగ్గురూ ఫావ్ర్ వెనక కూర్చుని నేర్చుకున్నారు, ముగ్గుర్నీ పిక్కులకి అమ్మాడు, ముగ్గురూ వేరే టీమ్‌లకి ఏళ్ళ తరబడి స్టార్టర్లయ్యారు, హాసెల్‌బెక్ అయితే సియాటిల్‌ని సూపర్ బౌల్‌కే తీసుకెళ్ళాడు. ఎవడు పండుతాడో ముందే తెలుసని వుల్ఫ్ ఎప్పుడూ అనుకున్నట్టు లేదు. ఎక్కువమందిని తెచ్చాడు, నేర్పే మనుషుల్ని పెట్టాడు, టైమ్ ఇచ్చాడు.

మొన్న ఇదంతా బావకి చెప్పి, డాక్‌కి వయసు మీదపడుతోంది కదా, ఇప్పట్నుంచే రెండేళ్ళకొక కుర్రాణ్ణి నాలుగో రౌండ్‌లోనో ఐదో రౌండ్‌లోనో తెచ్చి వాడి వెనక కూర్చోబెట్టమని మీ జెర్రీకి ఒక ఈమెయిల్ పెట్టు అన్నా. "నాలుగో రౌండ్ ఏంట్రా, రెండు మొదటి రౌండ్ పిక్కులిచ్చి డైరెక్ట్‌గా ఒకటో పిక్‌కి పోతాం" అన్నాడు. షార్లెట్‌లో మా క్లయింట్ నంబర్ ఇస్తా, ముందు ఆయనతో ఒక్కసారి మాట్లాడు బావా అంటే అక్కకి ఫోన్ ఇచ్చేశాడు.